హీటరున్న లాంచీ

మార్చిలో నేను రాసిన ఒక మాట అక్టోబరులో మా కొంప ముంచింది. చెడ్డ మాటేమీ కాదది. ఇప్పుడు తీసి చదివినా అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. అందుకే నన్ను నేను తప్ప ఇంకెవరినీ తిట్టుకోవడానికి లేకుండా పోయింది.

మా ఆయన గిల్బెర్టో ఫుర్టాడో, అందరికీ గిల్. మా ఊరి గుట్ట మీదున్న యూనివర్సిటీలో తెరచాప పడవల జట్టుకి ఇరవయ్యారేళ్లు కోచ్‌గా ఉన్నాడు. ఆయన చదువు పదహారో ఏటే ఆగిపోయింది. మేనమామ పడవల షెడ్డులో చేరి చేతులతో నేర్చుకోగలిగిందంతా నేర్చుకున్నాడు. అక్షరాలు మాత్రం ఆయన కళ్ల ముందు ఒకచోట నిలవవు. ఒక పేజీ చదవాలంటే వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, చెమటలు కక్కాలి. నేను ఆ జట్టుకే తెరచాపలు కుట్టేదాన్ని. రేవులో పడవల షెడ్డు మీద మేడగది, అందులో నా కుట్టుమిషను, పక్కనే కిటికీ. ఆ కిటికీలోంచి హార్బరు మొత్తం కనిపిస్తుంది.

జట్టుకున్న పద్దెనిమిది పడవలూ పాత విద్యార్థులు కొనిచ్చినవే. నేను వాళ్లని పాతకాపులు అంటాను. ఎవరిచ్చిన పడవకి వాళ్లు పెట్టిందే పేరు. ఒకదానికి తల్లి పేరుంటుంది, ఒకదానికి పోయిన కుక్క పేరుంటుంది. గిల్ చేరిన మొదటి ఏడాదే ఒక పద్ధతి పెట్టాడు. ఇచ్చినవాళ్లకి ఏడాదికి రెండుసార్లు వాళ్ల పడవ క్షేమసమాచారాలు ఉత్తరంగా వెళ్లాలి.

"కన్నబిడ్డని మన దగ్గర వదిలిపెట్టి వెళ్లినట్టేగా. ఎలా ఉందో చెప్పొద్దా?" అన్నాడు.

ఆలోచన ఆయనది, రాత నాది. భోజనాల దగ్గర ఆయన ఏ పడవ ఎలా ఉందో చెబుతుంటే నేను గుర్తు పెట్టుకుని, ఆయన రాసినట్టే రాసేదాన్ని. ఆయన టీవీలో ఆట చూస్తూ, ఒక్క ముక్క చదవకుండా, వరసగా పద్దెనిమిది సంతకాలు గీకేవాడు. ఇది మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. దాచాలని దాచింది కాదు, ఎవరూ అడగలేదంతే.

ఆయన కోచింగులో ఒక విచిత్రం ఉండేది. మిగతా కోచ్‌లు లాంచీలో నిలబడి చేతిలో మైకు పెట్టుకుని అరుస్తారు. గిల్ మాత్రం తన డొక్కు లాంచీని పిల్లల పడవ పక్కకి తీసుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, పడవ అంచు పట్టుకుని, వాళ్ల కళ్లకి సమంగా తన కళ్లు పెట్టి, పక్కవాళ్లకి వినపడనంత మెల్లగా మాట్లాడేవాడు. ఎందుకలా అంటే, "ఓడిపోయిన పిల్లని నలుగురిలో కేకలేస్తే దాని బుర్రకేం ఎక్కుతుందే?" అనేవాడు. మంచులాంటి లాంచీ అడుగున అలా ఇరవయ్యారేళ్లు మోకాళ్లు ఆనించాడు.

ఆ మార్చిలో ఒకరోజు ప్రాక్టీసు నుంచి వచ్చి మా ఇంటి మూడు మెట్లు ఎక్కలేక మొదటి మెట్టు మీదే కూలబడ్డాడు. నేను వెళ్లి ఒక బూటు విప్పాను. మోకాళ్లు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"మీ పాతకాపుల్ని అడగవయ్యా. పైన కప్పు, లోపల హీటరు ఉన్న లాంచీ ఒకటి కొనివ్వమను."

"తెరచాపలన్నీ నీ అతుకుల మీద బతుకుతున్నాయి. అది వదిలేసి నా మోకాళ్ల కోసం చెయ్యి చాపనా? నోరు మూసుకుని ఆ రెండో బూటు లాగు."

నేను నోరు మూసుకున్నాను, పెన్ను మూయలేదు. ఆ వారం రాసిన పద్దెనిమిది ఉత్తరాల చివరా ఆయన మాటగా ఇలా రాశాను: 'ఈ చలికి మోకాళ్లు నా మాట వినడం లేదు. లాంచీలో ఇంకెన్నాళ్లు గడపగలనో తెలియడం లేదు.' లాంచీ కావాలని నేరుగా అడగడానికి నాకూ మనసొప్పలేదు. చదువుకున్నవాళ్లు, అర్థం చేసుకుంటారులే అనుకున్నాను. గిల్ ఎప్పటిలాగే ఆట చూస్తూ సంతకాలు పెట్టేశాడు.

సెప్టెంబరులో సీజను మొదలైన వారానికి లొవెల్ థాక్స్టర్ వచ్చాడు. పాత విద్యార్థుల సంఘానికి ఆయనే పెద్ద, డెబ్బై దాటినవాడు. కోట్లున్నా కాలికి మాత్రం టేపు చుట్టిన గుడ్డబూట్లే వేసుకుంటాడు. ఆయనిచ్చిన పడవ పేరు లూసిల్, భార్య పేరు. ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. సాధారణంగా రేవులో గిల్‌తో మాట్లాడి వెళ్లిపోయేవాడు. ఆ రోజు మేడమెట్లెక్కి నా దగ్గరికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"డెల్ఫీనా గారూ, మార్చి ఉత్తరం మేమంతా చదివాం. ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. ఇన్నేళ్లలో తన గురించి ఆ మనిషి ఒక్క మాట రాయడం అదే మొదటిసారి కదా. ఏదో ఒకటి చేయకుండా ఎలా ఉంటాం?"

"లాంచీయేనా?" అని ఉండబట్టలేక అడిగేశాను.

ఆయన నవ్వాడు. "లాంచీ కూడా. గిల్‌కి మాత్రం చెప్పకండి. అక్టోబరు సమావేశంలో అందరి ముందూ చెబుదాం."

నేను లాంచీ అన్న మాటే విన్నాను. 'కూడా' అన్నది నా చెవికెక్కలేదు. ఆయన మెట్లు దిగేదాకా ఆగి, కుడుతున్న తెరచాపని ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వుకున్నాను.

మరుసటి సోమవారం మారెన్ అనే అమ్మాయి వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. ఎక్కడెక్కడో పెద్ద పందేలు గెలిచింది. సీజనంతా గిల్ పక్కన ఉండి పని నేర్చుకుంటుందని యూనివర్సిటీ వాళ్లు చెప్పారు. గిల్ పొంగిపోయాడు. ఇన్నేళ్లకి ఆయన తెలివికి వారసురాలు దొరికింది. మొదటి రోజే ఆ పిల్లని మా ఇంటికి భోజనానికి లాక్కొచ్చాడు. నేను కేల్ ఆకు సూపు, సాసేజి, మా అమ్మ చేసినట్టు తీపి రొట్టె పెట్టాను. ఆ పిల్ల ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో నోటుబుక్కులో రాసుకుంటోంది.

"గాలి మళ్లుతోందని మాకన్నా ముందే మీకెలా తెలుస్తుంది?" అనడిగింది.

"హార్బరు అవతల మెడైరోస్ వాళ్ల మూడో అంతస్తు చూడు. ఆవిడ మంగళవారం మంగళవారం దుప్పట్లు ఆరేస్తుంది. గాలి ముందు ఆ దుప్పట్లకి తగులుతుంది, తర్వాత మనకి."

"మరి మిగతా రోజుల్లో?"

"మిగతా రోజుల్లో ఓడిపోతాం," అన్నాడు గిల్, రొట్టె తుంచుకుంటూ. ఆ పిల్ల అది కూడా రాసుకుంది. నేను పగలబడి నవ్వాను.

వెళ్లేటప్పుడు నేను వాకిలి దాకా వచ్చాను. మారెన్ చెప్పులేసుకుంటూ మెల్లగా అడిగింది. "ఆయనకింకా తెలీదట కదా?"

"తెలీదు. అక్టోబరు దాకా గుట్టుగా ఉంచమన్నారు."

"మీకు మాత్రం ఇష్టమేనా? నిజం చెప్పండి."

"ఇష్టం కాకపోవడమేంటే పిల్లా. కోరుకున్నదే నేను."

ఆ పిల్ల ముఖం తేలికపడింది. నన్ను కౌగిలించుకుని వెళ్లిపోయింది. లాంచీ కోసం నన్ను కౌగిలించుకోవడమేమిటని నాకు తోచి ఉండాల్సింది. తోచలేదు. మంచి పిల్ల అనుకుంటూ గిన్నెలు కడుక్కున్నాను.

అక్టోబరు రెండో శనివారం పాతకాపులంతా దిగారు. పొద్దున ఎప్పటిలాగే వాళ్లకీ పిల్లలకీ పందెం. ముసలాళ్లు ఒకరి మీదొకరు పడుతూ, సిగ్గు లేకుండా ఓడిపోయి, తడిసిన బట్టలతో షెడ్డులోకొచ్చారు. పొడుగాటి బల్లల మీద ఆల్చిప్పల సూపు, మొక్కజొన్నలు. గిల్‌ని థాక్స్టర్ పక్కనే కూర్చోబెట్టారు. నేను ఎదురుగా కూర్చున్నాను. లాంచీ పేరెత్తగానే గిల్ ముఖం ఎలా మారుతుందో దగ్గర్నుంచి చూడాలని నా ఆశ.

థాక్స్టర్ లేచి జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఆ మడతలు చూడగానే పోల్చుకున్నాను, నా ఉత్తరమే. "ఇది గిల్ మనకి రాసిన మాట," అని మోకాళ్ల గురించి నేను రాసినదంతా చదివాడు. గిల్ మొదట అర్థం కానట్టు చూశాడు. వాక్యం పూర్తయ్యేసరికి తల తిప్పి నా వైపు ఒక్కసారి చూశాడు.

"తప్పుకుంటానని నోరు తెరిచి చెప్పలేని మనిషి. ఇలా చెప్పాడు," అన్నాడు థాక్స్టర్. "తన తర్వాత ఈ పిల్లల గతేమిటన్న దిగులే ఆయన్ని ఇన్నాళ్లు చలిలో నిలబెట్టింది. ఇక ఆ దిగులక్కర్లేదు. మేమంతా కలిసి ఈ జట్టుకి శాశ్వతంగా ఒక కోచ్ ఉద్యోగం ఏర్పాటు చేశాం. దానికి గిల్బెర్టో ఫుర్టాడో పేరే పెట్టాం. నవంబరు ఒకటి నుంచి అందులో మారెన్ ఉంటుంది. గిల్ మనకి బతికున్నంతకాలం గౌరవ కోచ్. ఆ పిల్లయినా చలిలో బాధపడకూడదని, కప్పూ హీటరూ ఉన్న లాంచీ ఒకటి కొన్నాం. దాని పేరూ గిల్బెర్టోయే."

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డెబ్బయ్యేళ్ల మగవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. లేచి అరవాలనుంది, అది ఆయన మాట కాదు, నాది, నేనడిగింది లాంచీ అని. కానీ అందరితో పాటు నేనూ లేచి నిలబడ్డాను.

గిల్ బల్ల మీద చేతులాన్చి లేచాడు. మోకాలు కటుక్కుమనడం నాకు వినిపించింది. "నాకు రాయడమే వచ్చు. మాట్లాడటం రాదు," అన్నాడు. అందరూ నవ్వారు. "థాంక్స్," అని కూర్చుని, చల్లారిన సూపు తాగడం మొదలుపెట్టాడు.

ఇంటికి కారు నేనే నడిపాను. వంతెన దాటాం.

"బాగా రాశావు," అన్నాడు గిల్.

"గిల్, నేను లాంచీ కోసం రాశానయ్యా. ఒట్టు. రేపే వెళ్లి థాక్స్టర్‌కి అంతా చెప్పేస్తాను."

"చెప్పి? ఆ పిల్ల ఉన్న ఉద్యోగం మానేసి, ఇల్లు ఖాళీ చేసి వచ్చింది. దాన్ని వెనక్కి పొమ్మంటావా?"

"నువ్వు పోవడం లేదా మరి?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఎరుపు లైటు. చూసుకుని నడుపు," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆయన లేవకముందే నేను థాక్స్టర్ దిగిన హోటలుకి వెళ్లాను. దారి పొడుగునా చెప్పాల్సింది వల్లె వేసుకున్నాను. ఉత్తరాలు నావి, సంతకం ఆయనది, లాంచీ నా కోరిక, ఉద్యోగం ఆయన ప్రాణం. నాలుగే నాలుగు మాటలు. థాక్స్టర్ వరండాలో కాఫీ తాగుతున్నాడు. నన్ను చూసి ముఖం వెలిగిపోయింది. "మీకొకటి చూపించాలి," అని లోపలికెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులో ఉత్తరాలున్నాయి. నేను రాసినవన్నీ, ఏడాది వరసలో, రిబ్బను కట్టి.

"ఎక్కడికెళ్లినా తీసుకెళ్తాను," అన్నాడు. ఒకటి పైకి తీశాడు. మడతల దగ్గర చిరిగి, టేపు వేసి ఉంది. "లూసిల్ పోయిన నెలకి ఇది వచ్చింది. మా పిల్లలు కూడా నాతో ఆవిడ మాటెత్తడానికి భయపడుతున్న రోజులు. గిల్ ఏం రాశాడో వినండి. 'లూసిల్ ఇవాళ నీళ్లలోకి దిగింది. ఎదురుగాలి. మొదట వెనకబడింది, తొందరపడలేదు, తనకి నచ్చిన దారినే వెళ్లి ముందుగా మలుపు తిరిగింది. మీతో చెప్పాలనిపించింది.' అంతే. ఓదార్పు మాట ఒక్కటి లేదు. ఒక మగవాడు ఇంకో మగవాడికి ఇలా రాస్తాడని నేననుకోలేదు. ఇది పట్టుకునే ఆ చలికాలం గడిపాను."

నాకు ఆ ఉత్తరం గుర్తుంది. వంటింట్లో, పొయ్యి మీద చేప మాడిపోతుంటే రాశాను.

"ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు?" అన్నాడాయన, డబ్బా మూసి ఒళ్లో పెట్టుకుంటూ.

వల్లె వేసిన నాలుగు మాటల్లో ఒక్కటి కూడా పైకి రాలేదు. "ఆయనకి ఇంకొన్నాళ్లు లాంచీలో ఉండాలని ఉందండీ," అన్నాను.

"ఉంటుంది. నేను ఆఫీసు వదిలినప్పుడు నాకూ అలాగే ఉంది." నా చెయ్యి తట్టాడు. "భార్యలకి మనసొప్పదు, నాకు తెలుసు. కానీ ఆయనే తన చేత్తో రాశాడు కదా."

దానికి జవాబు నా నాలుక చివరే ఉంది. ఆయన చేతులు ఆ డబ్బా మూత మీద ఉన్నాయి. నేను కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను. ఇంటికొచ్చేసరికి గిల్ గుడ్లు వేయించుకుంటున్నాడు. నేను ఇంకో పళ్లెం తీసి బల్ల మీద పెట్టాను.

నవంబరులో లాంచీ వచ్చింది. తెల్లగా, ఎత్తుగా, అద్దాల గదితో, పక్కన అడుగెత్తు నీలం అక్షరాల్లో గిల్బెర్టో అని. మారెన్ రోజూ ఇంటికొచ్చి గిల్‌ని రమ్మని బతిమాలేది. ఒక్కరోజు వెళ్లాడు. మెత్తని సీటులో, అద్దాల వెనక, అరగంట కూర్చున్నాడు. "కార్లో కూర్చున్నట్టుంది," అని దిగిపోయాడు. మళ్లీ ఎక్కలేదు. రేవు మీద నిలబడి, వచ్చే పడవల తాళ్లు అందుకునేవాడు. ఆ పని ఎవరైనా చేస్తారు.

మారెన్ మంచి కోచే. ఆ మాట ఒప్పుకోకపోతే నాకు పుట్టగతులుండవు. గిల్ చేసినట్టే చేయాలని చూసింది కూడా. ఆ లాంచీ అంచు మరీ ఎత్తు. మోకాళ్ల మీద కూర్చుని ఎంత వంగినా పిల్లల పడవ అంచు ఆ పిల్ల చేతికి అందేది కాదు. నేను కోరుకున్న లాంచీ అది. ఒకవేళ దాన్ని గిల్‌కే ఇచ్చినా ఆయన పని అందులోంచి సాగేది కాదు. ఇరవయ్యారేళ్లు ఆయన్ని కిటికీలోంచి చూసిన దాన్ని, ఆ సంగతి నాకు తట్టలేదు. మారెన్ రెండు వారాలు చూసి మైకు అందుకుంది.

చివరి పెద్ద పందేలకి ముందు ప్రాక్టీసులో జోస్లిన్ అనే పిల్ల వరసగా నాలుగుసార్లు ఓడింది. జట్టుకి పెద్ద దిక్కు ఆ పిల్లే. లాంచీలోంచి మారెన్ మైకులో ఏదో చెబుతోంది. జోస్లిన్ అటు వెళ్లకుండా పడవని తిన్నగా రేవుకి తెచ్చి, చెక్క అంచు పట్టుకుని ఆగింది. నేను పైన కిటికీ దగ్గర సూదికి దారం ఎక్కిస్తున్నాను. గిల్ అలవాటు కొద్దీ మోకాళ్ల మీద కూర్చుని, పడవ అంచు పట్టుకున్నాడు.

"కోచ్, మలుపు దగ్గర ఏం తప్పు చేస్తున్నాను?"

గిల్ ఒకసారి హార్బరు అవతలికి చూశాడు. మంగళవారం. మెడైరోస్ వాళ్ల దుప్పట్లు ఎడమకి ఊగుతున్నాయి. ఆయన నోరు తెరిచాడు. అప్పుడే తెల్ల లాంచీ ఇటు తిరిగింది, నీలం అక్షరాలు మా వైపు వచ్చాయి. గిల్ నోరు మూసుకున్నాడు.

"మీ కోచ్‌ని అడగమ్మా," అన్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"నేను తాళ్లు పట్టుకునేవాణ్ణి. వెళ్లు, గాలి పోతోంది." ఆ పిల్ల పడవని తనే చేత్తో తోశాడు. అది దూరం వెళ్లాక లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. రేవు గుంజ పట్టుకుని, ఆగి, మళ్లీ పట్టుకుని లేచాడు. నేను కిందికి పరిగెత్తలేదు. నేను చూశానని తెలిస్తే ఆయనకి ఇంకా కష్టం. సూదిలో దారం ఎక్కించడానికి నాకు చాలాసేపు పట్టింది, కళ్లు కనబడక.

థాంక్స్‌గివింగ్ పండగ వారంలో సీజను ముగింపు ఉత్తరాలు పంపాలి. ఆ మధ్యాహ్నం నేను కాగితాలు బల్ల మీద పెట్టి, "ఇక నేను రాయను గిల్. నాకు ఆ పెన్ను ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది," అన్నాను.

"పడవల సంగతి వాళ్లకి ఎవరు చెబుతారు మరి?" టీవీ ఆపేసి నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఇరవయ్యారేళ్లలో ఆయన టీవీ ఆపడం అదే మొదలు. "నేను చెప్తాను. చెప్పింది చెప్పినట్టు రాయి."

చెప్పాడు. లూసిల్ చుక్కాని మార్చాం. కుక్క పేరు పడవకి అడుగున గీత పడింది, చలికాలంలో నేను బాగుచేస్తాను. పద్దెనిమిదింటి గురించీ ఒక్కటి మర్చిపోకుండా చెప్పాడు. నేను ఒక్క అక్షరం కలపకుండా రాశాను.

"లాంచీ గురించి ఏం రాయమంటావు? అడుగుతారుగా," అన్నాను.

ఆయన కిటికీ వైపు చూశాడు. పందేలయిపోయి, దూరంగా కనిపించే హార్బరులో ఏమీ లేదు.

"రాయి. లోపల చలి అస్సలు లేదట. హీటరు బాగా పనిచేస్తోందట."

రాశాను. కాగితాలన్నీ ఆయన వైపు జరిపాను. చివరి మాటలు పద్దెనిమిదింటిలోనూ ఒకటేనని చెప్పాను. వినలేదు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని, మొదటి ఉత్తరం మొదటి మాట కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. అది మొత్తం చదివాకే సంతకం పెట్టాడు. తర్వాత రెండోది తీసుకున్నాడు.